ఎడమ గట్టు మెలిదీపాలు

రోజు 1

దీపాలు వండే శాల పుస్తకంలో ఇవాళ నేను రాసింది ఇది: "చిలకమ్మ, ఆరేళ్ళు, కుడి గట్టు నుంచి వచ్చింది. దాటుస్నానం పూర్తి." కింద నా సంతకం, పైడమ్మ, దీపాల వంటమనిషి. ఆ పుస్తకం అందరూ చదువుతారు. ఇది నా సొంత పుస్తకం. ఇందులో ఉన్నదున్నట్టు రాసుకుంటాను, లేకపోతే నాకు అన్నం సయించదు.

దాటుస్నానం పూర్తి కాలేదు.

కుడి గట్టు నుంచి ఎవరొచ్చినా ఒంటిమీద బట్టలు కాల్చాలి, మూడుసార్లు చౌడునీళ్ళు పోయాలి, తల గొరగాలి. మా అమ్మమ్మ దీన్ని మడి అనేది. దీపాలు మొదట పెట్టినవాళ్ళు దీనికి వేరే పేరేదో పెట్టారట, అది ఇప్పుడెవరికీ గుర్తులేదు. పేరేదైనా, అవతలి గట్టు దీపాల్లో వాడే ముద్ద ఇవతలికి రవ్వంత కూడా రాకూడదు, ఇవతలిది అటు పోకూడదు. స్నానం చేయించి సంతకం పెట్టే పని పదేళ్ళుగా నాది. వంక పెట్టడంలో నా తర్వాతే ఎవరైనా అని గట్టంతా ఆడిపోసుకుంటారు.

మా అప్ప నూకాలు కుడి గట్టుకి కోడలిగా వెళ్ళి అక్కడి శాలలో కుడి దీపాలు వండేది. తొమ్మిది రోజుల కిందట జ్వరంతో పోయింది. మొగుడు అంతకుముందే సముద్రంలో పోయాడు. పోయే ముందు రోజు సాయంత్రం అప్ప శాల నుంచి వచ్చి, చేతులైనా కడుక్కోకుండా పిల్లకి జడ వేసిందట. అప్పటినుంచి చిలకమ్మ ఆ జడ ఎవర్నీ ముట్టుకోనివ్వడం లేదు.

కత్తి చేతిలోకి తీసుకున్నాను. పిల్ల ఏడవలేదు. రెండు చేతులూ తలమీద పెట్టుకుని, "మాయమ్మ ఏసింది పిన్నీ," అంది, అంతే.

కత్తి కింద పెట్టేశాను. జడని తడిగుడ్డలో చుట్టి, మిగతా ఒళ్ళంతా ఒకటికి రెండుసార్లు తోమాను. తర్వాత తలకి గట్టిగా గుడ్డ కట్టాను. గుండు తలకి చలి వేస్తుందని కట్టానేమో అనుకుని ఎవరూ అడగలేదు. పైడమ్మ సంతకం పెట్టాక ఇంకెవరు అడుగుతారు!

రోజు 4

ఎనిమిది కుండలు. అన్నీ పదిపాళ్ళలో తొమ్మిది ఎడమ. మంచి రోజు.

ఎప్పుడూ మంచు మసక కమ్మి ఉండే ఈ గట్టు మీద తెల్లారడమంటే ఆ మసక నల్లరంగు నుంచి బూడిదరంగుకి మారడమే. అప్పుడే పొయ్యి వెలిగిస్తాను. పొడిని నీళ్ళలో కలిపి, తేటపడేదాకా కాచి, దించి, కదపకుండా ఆరనిస్తాం. పాకానికి తనకంటూ ఏ వాటమూ ఉండదు. ఆరేటప్పుడు అందులో కంటికి కనిపించని పోగులు పుట్టి, తాడు పేనుకున్నట్టు ఒకదాన్నొకటి మెలేసుకుంటాయి. మొదటి పోగు ఎటు తిరిగితే కుండంతా అటే. అందుకని సరైన గోరువెచ్చన దగ్గర నిన్నటి ముద్దలోంచి చిటికెడు తీసి తోడుపెడతాం, పెరుగుకి పెట్టినట్టే. నిన్నటిది ఎడమకి తిరిగింది గనక నేటిదీ ఎడమకే తిరుగుతుంది. అరవై ఏళ్ళుగా ఆ తోడు తప్పలేదు.

పొద్దెక్కాక గురువులు వచ్చాడు. సముద్రం నుంచి మొగలోకి, అంటే ఏటి నోట్లోకి, పడవలు తెచ్చే సరంగు. నన్ను అప్పా అంటాడు, అతని పెళ్ళాం అసిరి వదినా అంటుంది. చుట్టరికం ఏమీ లేదు, అలవాటైపోయింది. వారానికోసారి తన కళ్ళజోడు సరిచూసుకోవడానికి వస్తాడు. ముద్ద కింద ఊదా వెలుగు గొట్టం వెలిగించాను. పచ్చగా వెలిగింది. ఉత్త కళ్ళకి మా దీపమైనా అవతలివాళ్ళ దీపమైనా ఒకటే పచ్చ. జోడు పెట్టుకుంటే ఎడమ మెలి వెలుగు ఎడమ కంటికే అందుతుంది, కుడి మెలిది కుడి కంటికే. మామూలు దీపం మసకలో నాలుగు బారలు కూడా పోదు. ఈ మెలి వెలుగు చెదరకుండా చాలా దూరం వస్తుంది. ఎడమ కంటికి కనబడేవి ఎడమన, కుడి కంటికి కనబడేవి కుడిన ఉంచుకుని నడిమధ్య నడిపితే పడవ ఇల్లు చేరుతుంది. లేకపోతే రాళ్ళే.

గురువులు ఒక కన్ను మూసి, తెరిచి, రెండోది మూసి, "బాగున్నాది అప్పా. నీ నోటికున్నంత పదును ఉంది దీనికి," అన్నాడు.

"జోడు అరిగిపోద్ది, తీసి ఎల్లు," అన్నాను.

చిలకమ్మ శాల గుమ్మంలో కూర్చుని నవ్వింది. వచ్చాక నవ్వడం అదే మొదలు. శాల పెద్ద తవిటయ్య తాతకి డెబ్భై నాలుగేళ్ళు, నాకు పని నేర్పినవాడు. "ఈ గుంట గుమ్మంలో కూకుంటే శాలకి కళొచ్చింది," అన్నాడు. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఆ గుమ్మంలోంచే గాలి లోపలికి వస్తుంది, పిల్లకి చలి తగలకుండా తల గుడ్డ ఇంకాస్త బిగించాను.

రోజు 9

ఏడు కుండలు సరిగ్గానే ఉన్నాయి. ఒకటి కుడికి తిరిగింది.

పారబోశాను. గరిటెని నానా తిట్లూ తిట్టి, మార్చేశాను. ఏ గరిటెకో ఏదో అంటుకుని ఉంటుంది.

చిలకమ్మ నా పక్కన పడుకుని, గుడ్డ కిందనుంచి జడ కొస తీసి మొహానికి ఆనించుకుంటోంది. అందులో వాళ్ళమ్మ వాసన ఉందట. నేనూ ఒకసారి ముక్కు పెట్టి చూశాను. ఉంది. అప్ప శాల నుంచి వచ్చాక ఎప్పుడూ అలాగే ఉండేది, కాగిన పాకం వాసన. పిల్లకి కనబడకుండా అటు తిరిగి ఏడ్చాను.

రోజు 12

ఎనిమిదిలో మూడు కుడి, రెండు అటూ ఇటూ కానివి. తోడు పెట్టేలోపే ఇంకేదో పడి ముందుగా మెలి వేసేస్తోంది. ఏది ముందు పడితే కుండ దానిదే, ఆ తర్వాత ఎంత తోడు పెట్టినా పాళ్ళు తగ్గడమే తప్ప తిరగదు.

తవిటయ్య తాత తన రెండు చేతులూ నా ముందు చాపాడు. వణుకుతున్నాయి. "నానే పైడీ. సెయ్యి సరిగా ఆడక తోడు ఆలీసెం సేత్తన్నాను. కుండ సెడిపోతంది," అన్నాడు.

కాదు తాతా అని నేను అనాలి. అనలేదు. ఆయన చెయ్యి వణకడం నాలుగేళ్ళుగా ఉన్నదే, ఏనాడూ కుండ చెడలేదు. ఆ సంగతి నాకు బాగా తెలుసు. మరి ఎందుకు చెడుతోందో నాకు తెలియదని రాద్దామని కలం పట్టుకున్నాను. తెలుసుకోవాలని లేదని రాస్తే నిజానికి దగ్గరగా ఉంటుంది.

రోజు 14

శాలలో ఒక మూలతోడు ఉంది, ఉండేది. మొట్టమొదటి కుండలోంచి తీసి గాజుగొట్టంలో మైనం వేసి మూసినది, బొటనవేలి గోరంత. వెలిగించిన దీపంలోని ముద్ద తోడుకి పనికిరాదు, ఊదా వెలుగుకి మాడిపోతుంది. నిన్నటి కుండలన్నీ కూడా చెడ్డాక, వెలిగించని మంచి ముద్ద శాలలో చిటికెడు కూడా మిగల్లేదు. ఇక మిగిలింది ఆ గొట్టమే. తాత నన్ను చూసి తలూపాడు. మైనం పగలగొట్టాను.

ఆగి, ఒక్క కుండకి వేసి చూడాలి. ఎవరైనా అదే చేస్తారు. నేను ఎనిమిదింటికీ వేసేశాను, భయంతో. ఎనిమిదీ చెడ్డాయి. ఏడు కుడి. ఒకటి పదిపాళ్ళలో ఆరు ఎడమ.

అరవై ఏళ్ళ తోడు నా చేతుల మీద అయిపోయింది. తాత వెళ్ళి గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

రోజు 15

గట్టు వెంట దీపాలు వేలాడే గుంజల్లో ఏడో దాని మీద దీపం మాడిపోయింది. ఎనిమిది పాళ్ళకి తగ్గితే దీపం వేలాడదీయకూడదని నియమం. గుంజ ఖాళీగా ఉంచి, ఎడమ గట్టు చెడిందని మసకకి పైదాకా జెండా ఎగరేస్తే పడవలు బయటే లంగరు వేసుకుని ఆగుతాయి. అప్పుడు పెద్దలు వస్తారు. ఎందుకు చెడిందని అడుగుతారు.

ఆ ఆరు పాళ్ళ దీపాన్నే తీసుకెళ్ళి కట్టాను. ఎడమ కంటికి ఎంతో కొంత కనబడుతుంది కదా అనుకున్నాను. కుడి కంటికి కూడా కనబడుతుందని నాకు తెలియదా? ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పని.

రోజు 16

మధ్యాహ్నం శాలలో ఎవరూ లేరు. నేను గొట్టాలు తుడుస్తున్నాను. చిలకమ్మ తల గుడ్డ విప్పుకుని, ఊదా గొట్టం ముందు నిలబడి జడ ముందుకు వేసుకుంది.

"పిన్నీ, సూడు. అమ్మ సేతులు ఎలుగుతన్నాయి."

జడ పొడుగునా పచ్చటి మరకలు. ఒక్కో పాయ మీదా వేళ్ళు ఎక్కడ పట్టుకుని ఎక్కడ మెలి వేశాయో అక్కడల్లా వెలుగు. బొటనవేలు ఎక్కడ నొక్కిందో కూడా తెలుస్తోంది. జోడు పెట్టుకుని ఎడమ కన్ను మూశాను. అలాగే ఉంది. కుడి కన్ను మూశాను. చీకటి.

పిల్ల కదిలినప్పుడల్లా జడలోంచి ధూళి లేస్తోంది. పదహారు రోజులుగా గుమ్మంలో, గాలికి ఎదురుగా.

నేను పిల్లని దగ్గరికి తీసుకున్నాను. చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. దాటుస్నానంలో అబద్ధం రాసినవాళ్ళు గట్టు విడిచిపోవాలి, మళ్ళీ రాకూడదు. పిల్లని వెనక్కి పంపుతారు, ఉమ్మడి ఇంట్లో పదిమంది అనాథల మధ్యకి. శిక్ష నాకు వేస్తే వేయమను. కానీ దీన్ని నా దగ్గర్నుంచి తీసేస్తారు, అప్పలో నాకు మిగిలింది ఇదొక్కత్తే.

రేపు చెబుతాను. ఒక్క రోజు.

రోజు 17

పొద్దున్న మసక గోడ కట్టినట్టుంది. గురువులు అయిదుగురితో చేపల పడవ తీసుకుని వస్తున్నాడు. ఏడో గుంజ దీపం అతని కుడి కంటికి కనబడింది. కుడి గట్టుకి మరీ దగ్గరగా వచ్చేశానని ఎడమకి తిప్పాడు. ఎడమన రాళ్ళు.

అయిదుగురు ఈదుకుంటూ వచ్చి ఇదంతా చెప్పారు. అతను రాలేదు.

రోజు 18

ఒడ్డున అందరూ చేరారు. పెద్దలు తవిటయ్య తాతని మధ్యలో నిలబెట్టారు. ఆయన తన చేతులు చాపి, "ఈ సేతులే సంపీసినాయి ఆడిని," అన్నాడు. ఆ మాట విన్నాక నా గొంతు నన్ను అడక్కుండానే లేచింది. మొత్తం చెప్పాను. జడ, సంతకం, మూలతోడు, ఏడో గుంజ. గుక్క తిప్పుకోకుండా చెప్పాను.

అసిరి అంతసేపూ నీళ్ళవైపు చూస్తూ కూర్చుని ఉంది. మెల్లగా నావైపు తిరిగింది.

"నీకెప్పుడు తెలిసింది, వదినా?"

"మొన్న."

"మొన్న ఎప్పుడు?"

"మధ్యాన్నం."

వేళ్ళమీద ఏదో లెక్క వేసుకుంది. మొన్న మధ్యాహ్నం అతని పడవ ఇంకా బయట లంగరు మీదే ఉంది. జెండా ఒక్కటి ఎగరేసి ఉంటే ఆగిపోయేవాడు. ఆ లెక్క ఆమె పెదాలు కదలకుండానే పూర్తిచేసింది. మళ్ళీ నీళ్ళవైపు తిరిగింది. అప్పటినుంచి నన్ను వదినా అనలేదు.

ఆ పూటే ఒడ్డున కత్తి నేనే పట్టుకున్నాను. వేరే ఎవరినీ పట్టుకోనివ్వలేదు. చిలకమ్మ ఈసారి తలమీద చేతులు పెట్టుకోలేదు. చుట్టూ జనం మొహాలు చూసి దానికేదో అర్థమైంది. సగం తల అయ్యాక అడిగింది, "అమ్మ మళ్ళీ ఎయ్యదు గదా పిన్నీ?"

"ఎయ్యదమ్మా," అన్నాను. జడని మంటలో వేశాం. పచ్చగా ఏమీ మండలేదు, అందరి జుట్టులాగే కాలింది.

రోజు 22

తీర్పు అయింది. నేనూ పిల్లా కుడి గట్టుకి పోవాలి. ఇద్దర్నీ కలిపే పంపుతారట. ఆ మాట అన్నది తవిటయ్య తాత. "తప్పు సేసినోల్లిద్దరూ గాదు, ఒకత్తే. గాని గుంటకి ఇంకెవులున్నారు," అన్నాడు. నేను ఆయన కాళ్ళు పట్టుకోబోతే వెనక్కి జరిగాడు, నన్ను తాకితే ఆయన ఒంటికీ అంటుకుంటుందని. శాలనీ, మా బట్టల్నీ, మా చాపల్నీ కాల్చేస్తున్నారు.

వెళ్ళేముందు ఒక పని ఉంది. ఎడమ తోడు ఇప్పుడు ఈ లోకంలో ఎక్కడా లేదు. అది లేకపోతే మొగలోకి ఒక్క పడవా రాదు, గట్టు పస్తు పడుకుంటుంది. మొదటివాళ్ళు చేసినట్టు తోడు లేకుండా వట్టి పాకం కాచాలి. అప్పుడు కుండ ఎటు తిరుగుతుందో దాని ఇష్టం. ఎడమ వచ్చేదాకా కాస్తూ ఉండాలి. అదీ ఇక్కడ కాదు, ఏ ధూళీ తగలని నడిసముద్రంలో, కొత్త కుండలతో, ఈ శాల గడప ఏనాడూ తొక్కని మనిషి చేయాలి. సీలు తీయని డబ్బాలో నాలుగు కుండలకి సరిపడా పొడి ఉంది. కొత్త పొడి పడవమీదే రావాలి, ఆ పడవకి దీపం కావాలి.

పని తెలిసినవాళ్ళు నేనూ తాతా. తాత గొంతు రెండు బారలు దాటదు. నేను ఇంకో పడవలో గాలివాలుకి దూరంగా ఉండి అరిచి చెప్పాలి. చేసేదెవరు?

"నానెల్తాను," అంది అసిరి. ఆమె ఇల్లు చివరి గుంజ దగ్గర, శాల మొహం ఎప్పుడూ చూడలేదు. అక్కడే కూర్చుని తల గొరిగించుకుంది. ముసలమ్మ ఒకావిడ అది చూసి, మొగుడు పోయిన ఆడదానికి పూర్వం ఇలాగే చేసేవారని కళ్ళొత్తుకుంది. అసిరి గయ్యిమని లేచింది. "ఆయన కోసం గాదు. దీపం కోసం. నోరు ముయ్యి."

రోజు 25

ఇది కుడి గట్టు నుంచి రాస్తున్నాను.

పొద్దున్నే రెండు పడవలు బయటికి వెళ్ళాయి. ముందు అసిరి ఒక్కతే. వెనక మేము, మూటతో సహా. పది బారల దూరంలో ఆగాను. ఆ పూట పలచబడ్డ మసకలో ఆమె ఒక నీడలా కనబడుతోంది, పొయ్యి నిప్పు మాత్రం ఎర్రగా.

"పొడి ఎయ్యి. కలపకు, దానంతట అదే కరగనీ," అని అరిచాను. ఆమె అలాగే చేసింది.

"తేటపడిందా? అడుగు కనబడాల. కనబడితే దించు."

దించింది. అప్పుడే ఒక అల వచ్చింది. కుండ ఒరిగిపోయి సగం పాకం నీళ్ళపాలైంది. నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. అసిరి మిగిలింది కూడా గిరాటేసి, కుండ తోమకుండా పక్కన పెట్టి, కొత్తది తీసుకుంది.

ఈసారి కుండని రెండు మోకాళ్ళ మధ్య పట్టుకుంది. "మోచెయ్యి ఆన్చి సూడు. సంటిపిల్లకి నీల్లు పోసేటంత వేడి ఉన్నప్పుడు ఇంక ఊపిరి కూడా గట్టిగా తీయకు," అన్నాను. కుండ వేడికి మోకాళ్ళు కాలుతున్నాయని ఇక్కణ్ణుంచే తెలుస్తోంది. గుడ్డ అడ్డం పెట్టుకోమని అరిచాను. పెట్టుకోలేదు. ఆరిన ముద్ద కింద గొట్టం వెలిగించి, జోడు పెట్టుకుని, ఒక కన్ను మూసి, రెండోది మూసి, కుండ ఎత్తి సముద్రంలోకి వంచేసింది. కుడి.

మూడోదీ కుడే. అదీ వంచేసింది. చిలకమ్మ నా ఒళ్ళో ఒదిగి, "ఆ అత్తకి మన మీద కోపమా?" అని అడిగింది. అవునన్నాను. పిల్లతో ఇంకో అబద్ధం ఆడలేకపోయాను.

నాలుగోది ఆఖరి కుండ. చెప్పడానికి నా గొంతు బొంగురుపోయింది. చెప్పనక్కర్లేకపోయింది కూడా, ఆమెకి చెయ్యి తిరిగింది. ఎప్పుడు దించాలో, ఎప్పుడు మోచెయ్యి ఆన్చాలో తనకే తెలిసిపోయింది. నేను నేర్పిన వాళ్ళలో ఇంత తొందరగా పట్టుకున్నది ఎవరూ లేరు. ఇంకో కాలంలో అయితే పొగిడేదాన్ని. రెండు చేతులూ పడవ అంచుకి బిగించి కూర్చున్నాను.

గొట్టం వెలిగింది. అసిరి జోడు పెట్టుకుంది. ఎడమ కన్ను మూసింది. తర్వాత కుడి కన్ను. మళ్ళీ ఎడమ. అలా చాలాసార్లు చేసింది, నేను లెక్క మరిచిపోయాను. అప్పుడు జోడు తీసి, ఒళ్ళో కుండకి రెండు చేతులూ అడ్డం పెట్టి, ఒళ్ళంతా వంగిపోయి ఏడ్చింది. గురువులు పోయినరోజు కూడా ఆమె అలా ఏడవడం నేను చూడలేదు. నేను పది బారల దూరంలో ఉన్నాను. తెడ్డు నాలుగుసార్లు వేస్తే చేరిపోతాను, చేరితే కుండ చెడిపోతుంది.

చివరికి తల ఎత్తింది.

"ఎడమే," అంది. ఏడు రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట. "ఇంక నువ్వెల్లు."

చిలకమ్మని నా ముందు కూర్చోబెట్టుకుని, పడవని కుడి గట్టు వైపు తిప్పాను.